ప్రజాభిప్రాయ సేకరణలో మినిట్స్ చదివి వినిపించాలి

సంపాదకులకు నమస్కారం.

మా రాయగడ జిల్లాలోనూ పక్కనున్న కొరాపుట్‌లోనూ బాక్సైట్ గనికో పరిశ్రమకో ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన మర్నాడు పత్రికల్లో వచ్చే వార్త ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. ఎంతమంది వచ్చారు, ఎందరు సమర్థించారు, ఎందరు వ్యతిరేకించారు, పోలీసులను ఎక్కడెక్కడ మోహరించారు అన్నంతవరకే రాస్తున్నారు. సభను ఓట్ల లెక్కింపులా చూసే ఈ అలవాటు వల్ల అసలు పని మరుగున పడుతోంది.

పర్యావరణ అనుమతులపై 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఈ సభకు కోరం (కనీస హాజరు) అక్కర్లేదు, ఓటింగు ప్రసక్తే లేదు. కాబట్టి ఒక వర్గం జనాన్ని బస్సుల్లో తరలించి భోజనాలు పెట్టి జేజేలు కొట్టించినా, మరో వర్గం వేదిక ముందు బైఠాయించినా, ఆ బలప్రదర్శన వల్ల అనుమతి రానూ రాదు, ఆగనూ ఆగదు. అనుమతి ఇవ్వాలో వద్దో పరిశీలించే నిపుణుల కమిటీ ఈ జనాన్ని చూడదు. దాని ముందుకు వెళ్లేది కాలుష్య నియంత్రణ మండలి పంపే రికార్డు. అందులోకి ఎక్కని ప్రశ్న అడగని ప్రశ్నతో సమానం.

ఆ రికార్డు సరిగా తయారయ్యేందుకు నోటిఫికేషన్‌లోని నాలుగో అనుబంధం మంచి ఏర్పాటే చేసింది. వ్యక్తమైన అభిప్రాయాల సారాంశాన్ని సభ ముగిసేముందు అక్కడే చదివి, స్థానిక భాషలో వివరించి, అంగీకరించిన మినిట్స్ (సభలో జరిగినదాని లిఖిత రికార్డు) మీద జిల్లా మేజిస్ట్రేటు లేదా ఆయన ప్రతినిధి అదే రోజు సంతకం చేయాలి. ప్రజలు లేవనెత్తిన అంశాలనూ, వాటికి సంస్థ ఇచ్చిన జవాబులనూ స్థానిక భాషలో కూడా రాసి జతచేయాలి. సభ వివరాలను పంచాయతీ కార్యాలయంలో అందరికీ కనబడేలా పెట్టాలి. ఆచరణలో, నేను చూసినంతవరకు, చివరి వక్త దిగేసరికి పొద్దు వాలిపోతుంది, కొండ ఊళ్ల వాళ్లు అప్పటికే తిరుగుదారి పడతారు, చదవడమన్నది ఖాళీ కుర్చీల ముందు నాలుగు వాక్యాలతో ముగుస్తుంది. ఆ నాలుగు వాక్యాలూ ఒడియాలోనే ఉంటాయి. గుణుపురం తెలుగువాళ్లం ఎలాగో అర్థం చేసుకుంటాం. కువి, సవర తప్ప మరో భాష రాని వృద్ధురాలికి తన ఊట గురించి తాను అడిగినది కాగితం మీద ఏ రూపంలో పడిందో ఎవరు చెబుతారు?

ఈ సభకు ముందు ఇచ్చే నోటీసు గడువును 30 రోజుల నుంచి 20కి తగ్గించాలన్న 2020 నాటి కొత్త నోటిఫికేషన్ ముసాయిదాపై దేశమంతా చర్చ జరిగింది. గడువు ముఖ్యమే, కాదనను. కాని సభ ముగిసే ఆ అరగంట గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18 తీర్పు మేరకు నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం విషయమై రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జిల్లా న్యాయమూర్తి స్థాయి అధికారి పరిశీలనలో జరిగాయి. అటవీ హక్కుల చట్టంతో ముడిపడిన ఆ ప్రక్రియ వేరు, దీనితో కలపకూడదు. అయినా ప్రభుత్వ యంత్రాంగం తలచుకుంటే ఊరి మధ్యకే వచ్చి, ఓపికగా విని రాసుకోగలదని అప్పుడు రుజువైంది.

అందువల్ల మినిట్స్ ఎన్ని గంటలకు చదువుతారో నోటీసులోనే ప్రకటించాలనీ, ఆ ప్రాంతపు భాషలు వచ్చిన దుబాసీలను వేదికపై కూర్చోబెట్టాలనీ, దూరపు ఊళ్లవారు అంతవరకు ఉండేలా తిరుగు ప్రయాణానికి వాహనాలు ఏర్పాటు చేయాలనీ జిల్లా అధికారులను కోరుతున్నాను. మీ విలేఖరులు కూడా సంతకం అయ్యేవరకు అక్కడే ఉండి, చదివారో లేదో, ఏ భాషలో చదివారో రాయాలని మనవి.

– ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా