ఆ గోడను చూడనివ్వండి

సంపాదక మహాశయులకు,

హైదరాబాదులో చూడదగ్గవి ఏమిటని ఎవరిని అడిగినా చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే ఆగిపోతారు. చిత్రకారుడు సాదిఖైన్ బొమ్మ వేసిన గోడ ఈ ఊళ్లోనే ఉంది. నేను డ్రాయింగు నేర్పిన పిల్లల్లో ఆ పేరు విన్నవారు ఒక్కరూ తగల్లేదు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నాకూ ఆలస్యంగానే తెలిసింది లెండి.

1930లో అమ్రోహాలో పుట్టి, దేశ విభజన తర్వాత పాకిస్తాన్‌లో స్థిరపడిన ఈ చిత్రకారుడు 1981లో భారతదేశానికి వచ్చారు. అలీగఢ్, బనారస్ విశ్వవిద్యాలయాలతో పాటు మన నగరంలోని ఒక భూవిజ్ఞాన పరిశోధన సంస్థలోనూ గోడపై చిత్రం వేశారు.

అరబిక్ లిపి కనిపిస్తే అది మతానికి సంబంధించినదే అనుకుని పక్కకు తప్పుకుంటాం. సాదిఖైన్ తన బొమ్మల్లో ఆ లిపితో గీసిన అక్షరాలను అలా దాటిపోలేం. 1950ల చివర కరాచీకి దూరంగా గడానీ తీరంలో ఉన్నప్పుడు, ఇసుకలో నీళ్లు లేకుండానే నిటారుగా పెరిగిన బ్రహ్మజెముళ్లు ఆయన కంటబడ్డాయి. ఆ ముళ్లు ఆయన గీతలోకి వచ్చేశాయి. ఆ లిపిలో తొలి అక్షరమైన అలిఫ్ ముల్లులా నిలబడుతుంది, మిగతావి దాని మీదికి ఎగబాకి కొమ్మలో మనుషులో అవుతాయి. చదవబోతే సాగదు, చూస్తూ నిలబడాల్సిందే. ఛత్తాబజారులో శుభలేఖలు రాసే కాతిబు, అంటే చేతిరాత లేఖకుడు, చూస్తే కొలత తప్పిందనవచ్చు. అక్షరం ఎంత ఉండాలో కలం మొనతో పెట్టిన చుక్కలతో లెక్కగట్టే విద్య ఆ కాతిబుది. ఖత్తాతుల, అంటే అందమైన రాత రాసేవారి, ఇంట పుట్టిన మనిషి ఆ లెక్క తెలియక తప్పారనుకోలేం.

ఆయన బొమ్మలను అమ్ముకున్నదాని కంటే పంచిపెట్టిందే ఎక్కువ. పాకిస్తాన్‌లోని మంగళా డ్యామ్ విద్యుత్కేంద్రంలో, లాహోర్ మ్యూజియం పైకప్పు మీద, నలుగురూ తిరిగే చోట్ల వేశారు. 1987లో కన్నుమూసేనాటికి కరాచీ ఫ్రియర్ హాల్ పైకప్పు పని సగంలోనే ఉంది. అలాంటివారి బొమ్మ ఇక్కడ అనుమతి ఉంటే తప్ప చూడలేని చోట ఉంది. పరిశోధన సంస్థకు కాపలా ఉండకూడదని నేను అనను. నెలకు ఒక పూట, ముందుగా పేర్లు నమోదు చేసుకున్నవారిని లోపలికి పంపితే చాలు. మాసాబ్‌ట్యాంకులోని లలితకళల విశ్వవిద్యాలయం విద్యార్థులతో మొదలుపెట్టవచ్చు.

పాకిస్తానీ వేసిన బొమ్మ మనకెందుకనేవారు ఉంటారు. గోడ మనదే కదా! దాని పక్కన తెలుగులో, ఉర్దూలో నాలుగు వాక్యాల పలక పెట్టించమని పర్యాటక శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడు, హైదరాబాదు