ర్యాంపు కడితే చాలదు, వాలు చూడాలి

సంపాదకులకు నమస్కారం.

వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 2007లో ఆమోదించింది. దాని 27వ అధికరణం పని హక్కు గురించే. ఆ మాటకు కట్టుబడి తెచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ కొలువుల్లో కనీసం 4 శాతం వాటా ఇచ్చింది. కొలువు వచ్చినా ఆఫీసు గుమ్మం ఎక్కలేకపోతే ఏం లాభం?

కోనసీమలో వరద భయంతో పునాదులు ఎత్తుగా లేపుతాం. మూడడుగుల ఎత్తుకి 1:12 వాలుతో, అంటే అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు చొప్పున, 36 అడుగుల ర్యాంపు కావాలి. చోటు లేదని పదడుగుల్లో ముగిస్తే చక్రాల కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. మధ్యలో ఐదడుగుల చదును వదిలి మలుపు తిప్పితే గోడవారనే సరిపోతుంది. రెండు వైపులా కడ్డీలు ఉండాలి. నున్నటి టైల్స్ మాత్రం వద్దు, వానాకాలం పాచి పట్టి చంకకర్ర జారుతుంది. సిమెంటు పచ్చిగా ఉండగానే చీపురుతో అడ్డంగా గీతలు గీయించండి. దానికి పైసా ఖర్చు లేదు.

భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లకూ ఈ చట్టం వర్తిస్తుంది. 21వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. 20 మంది, ఆపైన పనిచేసే చోట వికలాంగులకు అనువైన పోస్టుల జాబితా అందులో ఉండాలి. రొయ్యలు వొలిచే పనికి వినికిడితో ఏం పని? సైరన్‌తో పాటు ఒక లైటు వెలిగితే చాలు.

ఇంకో మాట. రిజర్వు పోస్టుకి తగిన అభ్యర్థి దొరక్కపోతే, ఆ ఖాళీని మరుసటి ఏడాదికి ఉంచాలని 34వ సెక్షన్ చెబుతోంది. అప్పటికీ దొరక్కపోతే ముందు ఇతర వైకల్య విభాగాల వారికి ఇవ్వాలి. వెంటనే జనరల్‌లో కలిపేయడం చెల్లదు. జిల్లా కలెక్టర్లు ఈ ఖాళీల లెక్క బయటపెట్టాలని కోరుతున్నాం.

— వికలాంగుల హక్కుల కార్యకర్తలు, అమలాపురం