శీనూకి: గుమ్మడి ఎవరికి అమ్ముతావో ముందు చెప్పు

కంకిపాడు,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన పట్టిక చూశాను. రకం పేరు, పంటకాలం, హెక్టారుకు దిగుబడి అని గళ్ళు గీసి, అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్నదాని కింద ఎర్ర గీత కొట్టావు. పూసా విశ్వాస్, 40 టన్నులు. దాని కింద ఒక్క ముక్క: "ఇదే వేసేద్దామా?" ఫోన్లో చెబితే సగం విని మీటింగ్ అంటావు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చుని చదువు, ఇది పొడుగయ్యేలా ఉంది.

నీ పట్టికలో అసలు గడి ఒకటి లేదు. కాయ బరువు. గుమ్మడిలో టన్నుల సంగతి రెండోది రా, ఒక్కో కాయ ఎంత తూగుతుందన్నది మొదటిది. దాన్నిబట్టే అది ఎవరి ఇంటికి పోతుంది, ఎవరు కోస్తారు, కోసింది ఎన్నాళ్ళలో అమ్ముడవుతుంది అన్నీ తేలిపోతాయి.

నీ అంకెలకే కాయ బరువు కూడా జతచేసి చూద్దాం. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ కో-1 కాయ 7 నుంచి 8 కిలోలు, పంటకాలం 175 రోజులు, హెక్టారుకు 25 నుంచి 30 టన్నులు. వాళ్ళదే కో-2 అయితే కాయ కిలోన్నర నుంచి రెండు కిలోలు, 135 రోజులు, 23 నుంచి 25 టన్నులు. బెంగళూరు దగ్గర హెసరఘట్ట ఉద్యాన పరిశోధనా సంస్థ వాళ్ళ అర్కా చందన్ 2 నుంచి 3 కిలోలు, 115 నుంచి 120 రోజులు, 33 టన్నులు. ఢిల్లీ పూసా వాళ్ళ విశ్వాస్ 5 కిలోల కాయ, 120 రోజులు. ఇప్పుడు వీటిని ఎకరంలోకి దించి కాయలు లెక్కపెట్టు. కో-1 బాగా పండితే 12 టన్నులు, అంటే దాదాపు 1,600 కాయలు. విశ్వాస్ 16 టన్నులు, 3,200 కాయలు. చందన్ 13 టన్నులే, కానీ కాయలు 5,000 దాటతాయి. ఇవన్నీ పరిశోధనా క్షేత్రం దిగుబడులు, మన చేలో అంత రావని నీకూ తెలుసు. ఎంత తగ్గినా ఈ తేడా మాత్రం అలాగే ఉంటుంది.

ఈ 1,600కీ 5,000కీ మధ్యే నీ లాభనష్టాలు ఉన్నాయి. మీ ఆవిడనే అడుగు. ఇంట్లో ముగ్గురున్నప్పుడు ఎనిమిది కిలోల గుమ్మడికాయ ఎవరు కొంటారు? రైతుబజారులో పెద్దకాయని కొట్టువాడు కత్తితో చెక్కలు చేసి పెడతాడు. చెక్క కోసిన మర్నాటికల్లా లోపలి పీచు జిగురొస్తుంది, గింజ చుట్టూ ఈగలు ముసురుతాయి. పోయేదెంతో వాడు ముందే లెక్కేసుకుని, ఆ నష్టమంతా నీ ధరలో కోస్తాడు. రెండు కిలోల కాయకి ఆ బాధ లేదు. కాటా మీద పెట్టి సంచిలో వేసేస్తాడు.

పెద్దకాయకి గిరాకీ లేదని కాదు. హోటళ్ళ సాంబారుకీ, పెళ్ళిళ్ళ దప్పళానికీ వంటవాళ్ళు పెద్దదే అడుగుతారు. వాళ్ళకి తొక్క తీసే పని తగ్గాలి, ముక్క దళసరిగా ఉండాలి, ఉడికితే చెదరకూడదు. కేటరింగువాళ్ళు ఒకరిద్దరు నీకు ఖాయంగా ఉంటే విశ్వాస్ వెయ్యి, నేను అడ్డు చెప్పను. లోపల బంగారు రంగు కండ, చూడముచ్చటగా ఉంటుంది. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ అంబిలి కూడా ఆ తూకం కాయే, 4 నుంచి 6 కిలోలు. ఓలన్, ఎరిశ్శేరి కూరలు లేనిదే వాళ్ళ ఓణం విస్తరి నిండదు కాబట్టి అటు లారీలు ఎత్తేవాళ్ళకి ఆ సైజు నచ్చుతుంది. నువ్వు అమ్మబోయేది హైదరాబాదు బోయినపల్లి మండీలో, మిగిలింది నీ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో. రెండు చోట్లా చిన్నకాయే నడుస్తుంది. అన్నట్టు, బోయినపల్లి మార్కెట్లో అమ్ముడుపోని కూరగాయలతో బయోగ్యాస్ చేసి కరెంటు తీసే ప్లాంటు పెట్టారు తెలుసుగా? మంచి పనే. నీ కాయలు మాత్రం ఆ ట్యాంకులోకి పోకూడదు.

నన్నడిగితే నీ నాలుగెకరాల్లో రెండున్నర అర్కా చందన్. పండితే పైతొక్క లేత గోధుమరంగు తిరిగి మీగడ రంగు మచ్చలు పడతాయి. లోపల గట్టి నారింజ కండ, గింజల గుంట చిన్నది, కెరోటిన్ ఎక్కువ, తీపి బాగుంటుంది. ఇదే సంస్థ వాళ్ళ అర్కా సూర్యముఖి ఇంకా చిన్నది, కిలో నుంచి కిలోన్నర. నారింజ తొక్క మీద తెల్లచారలు, బల్ల మీద పెడితే బొమ్మలా ఉంటుంది. పండు ఈగని తట్టుకుంటుందని దానికి పేరు. నూరు రోజుల్లో వచ్చేస్తుంది. ఇన్ని సుగుణాలుండగా ఎందుకు వద్దంటున్నానంటే, అది జాతే వేరు. మన నాటు గుమ్మడి, చందన్, విశ్వాస్, రెండు కో రకాలూ ఒక జాతి, కుకుర్బిటా మోస్కాటా. సూర్యముఖి మాక్సిమా. తొడిమ పట్టుకుంటే తెలిసిపోతుంది: మోస్కాటాకి అయిదు పలకల గట్టి తొడిమ, కాయ దగ్గర విచ్చుకుని ఉంటుంది. మాక్సిమాది గుండ్రంగా, బెండులా మెత్తన. మాక్సిమాకి చల్లటి ఊళ్ళు ఇష్టం, మోస్కాటా మన ఎండకి ఓర్చుకుంటుంది. నీకు సరదాగా ఉంటే గట్టు వెంబడి నాలుగు పాదులు పెట్టుకో, అమ్మకానికి వద్దు.

మీ మామయ్య "సొరపాదు పక్కన పెడితే గుమ్మడి చప్పబడుతుంది" అన్నారని రాశావు కదా. పెద్దాయన్ని ఏమీ అనకు గానీ భయపడకు. సొరకాయకీ గుమ్మడికీ సంకరం జరగదు. రెండు గుమ్మడి రకాలు పక్కపక్కన వేస్తే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి, నిజమే, కానీ ఈ ఏడు కాసే కాయ రుచి దాంతో మారదు. మారేది ఆ గింజ నాటినప్పుడు వచ్చే కాయ. విత్తనం నువ్వే ఉంచుకోవాలనుకుంటే చుట్టుపక్కల ఒక్క మోస్కాటా రకమే ఉండాలి. లేదంటే ఏటా హెసరఘట్ట నుంచి తెప్పించుకో.

ఇక ప్రైవేటు హైబ్రిడ్లు. బెంగళూరు వైపు డిస్కో గుమ్మడి అంటారే, ఆ చిన్న గుండ్రని కాయలు. మీ ఊరి విత్తనాల షాపులో నీకు ముందు అంటగట్టేది అదే. అందులో మంచీ ఉంది: కాయలన్నీ ఒక్క సైజులో వస్తాయి, గ్రేడింగు పని తగ్గుతుంది, సూపర్ మార్కెట్ వాడికి అలాంటివే కావాలి. గింజ ఖరీదు, అందులోంచి తీసిన గింజ మళ్ళీ పనికిరాదు. కొనేముందు కాయ ఫోటో చూసి పలకలు ఎంత లోతున్నాయో గమనించు. లోతు పలకల కాయని పీలర్ పట్టదు, ఇల్లాళ్ళు విసుక్కుని మళ్ళీ కొనరు. ఒక అరెకరం వేసి చూడు, పోల్చుకోవడానికైనా పనికొస్తుంది.

కాశీ హరిత్ గురించి అడిగావు. వారణాసి కూరగాయల సంస్థది. 65 రోజుల్లో కోతకొస్తుంది కాబట్టి నీ కళ్ళు దాని మీద పడ్డాయి. అది ఆకుపచ్చగా ఉండగానే కోసి తినే రకం. ఉత్తరాది వాళ్ళు పూరీలోకి పచ్చి గుమ్మడి కూర చేస్తారు, అక్కడ దానికి ఎదురులేదు. మనవాళ్ళకి పండిన తీపి గుమ్మడి కావాలి. పైగా పచ్చికాయ నిలవుండదు, వారానికొకసారి చేనికొచ్చే నీలాంటివాడికి అది సరిపడదు. బటర్‌నట్ అంటావా, సూపు హోటళ్ళతో ముందే మాట్లాడుకుంటేనే, లేకపోతే వద్దు. మండీలో దాన్ని చూసి సొరకాయా అని అడుగుతారు.

ఆ గింజల వ్యాపారం ఆలోచన కూడా మానుకో. సూపర్ మార్కెట్లో పచ్చగా దొరికే గుమ్మడి పప్పు ధర చూసి నువ్వు ఊహించుకుంటున్నావు. పైపొట్టు లేని గింజ వచ్చే రకాలు కుకుర్బిటా పెపో అనే మూడో జాతివి. ఆస్ట్రియాలో స్టిరియా ప్రాంతంలో ఆ గింజలతోనే నూనె తీస్తారు. మన దేశంలో లూధియానాలోని పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయం పీఏయూ మగజ్ కద్దూ-1 అని ఒకటి ఇచ్చింది. పంజాబు చలికీ వసంతానికీ చేసిన రకం అది. చేవెళ్లలో నీ ఎర్రనేలలో నువ్వు మొదటి ప్రయోగం చెయ్యక్కర్లేదు.

రకం కన్నా నాటే తారీఖు గట్టిగా పట్టుకో. ఎండలు ముదిరి పగలు పొడవైతే గుమ్మడికి మగపూలు విరగపూస్తాయి, ఆడపూలు తగ్గుతాయి. రాత్రులు చల్లబడి పగలు తగ్గుతుంటే ఆడపూలు పెరుగుతాయి. అందుకని నీకు ఆగస్టు చివరి వారం విత్తనం బాగా కుదురుతుంది. చందన్ 120 రోజులంటే డిసెంబరు ఆఖరుకి కోత, నేరుగా సంక్రాంతి మార్కెట్లో దిగుతావు. మా వైపు సంక్రాంతికి గుమ్మడి పండు దానమివ్వాలి, దప్పళం పెట్టాలి, ఆ వారం గుమ్మడి లేని వంటిల్లు ఉండదు. ముందే కోతకొచ్చినా కంగారు లేదు. తొడిమ ఎండి, గోరు గుచ్చితే తొక్కలో దిగకపోతే పండినట్టు. తొడిమ బెత్తెడు ఉంచి కోసి, గాలాడే పాకలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిస్తే రెండు మూడు నెలలు నిలవుంటుంది. టమాటా వేసినవాడు వచ్చిన ధరకి ఆ రోజే ఇచ్చెయ్యాలి. నువ్వు ధర నచ్చకపోతే "రేపు చూద్దాం" అనొచ్చు. నీ ఉద్యోగానికి ఈ పంట సరిపోతుందని నేను మొదట్నుంచీ అంటున్నది అందుకే.

ఇంకోటి. మగపూలు ఆడపూల కంటే పది పదిహేను రోజులు ముందొస్తాయి. దసరా కాస్త ఆలస్యంగా వచ్చిన ఏడు అవి సరిగ్గా బతుకమ్మ రోజుల్లో పూస్తాయి. గుమ్మడిపువ్వు లేకుండా మీ వైపు బతుకమ్మ పేర్చరు, దాని నడిమి దుద్దునే గౌరమ్మగా పెడతారు కదా. మొదటి మగపూలు కోసుకున్నా పంటకేం కాదు. పూవు కింద పిందె ఉంటే ఆడది, ముట్టుకోవద్దని చెప్పు. అత్తయ్యకి అయితే చెప్పక్కర్లేదనుకో.

ఆడపూలు ఇంకా పెరగాలంటే కోయంబత్తూరు వాళ్ళ సిఫారసు ఒకటుంది: రెండాకుల దశ నుంచి వారానికొకసారి 4 సార్లు ఎథ్రెల్ అనే హార్మోను మందు, 10 లీటర్ల నీటికి 2.5 మిల్లీలీటర్లు. కొలత దాటించకు. గుమ్మడిపువ్వు తెల్లవారుజామున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది, తేనెటీగలకి దొరికేది ఆ కాసేపే. అందుకని ఏ మందైనా సాయంత్రమే కొట్టించు. మొలకల మీద ఎర్ర పెంకు పురుగు వాలితే, పొద్దున్నే అది మందకొడిగా ఉంటుంది కాబట్టి చేత్తో ఏరిపారెయ్యొచ్చు. పండు ఈగని ఆకర్షించి పట్టే క్యూ-ల్యూర్ ఎర బుట్టలు పూతకి ముందే కట్టించు. బూడిద తెగులు కనబడగానే షాపువాడు గంధకం చేతిలో పెడతాడు. తీగజాతి మీద గంధకం కొడితే ఆకు మాడిపోతుంది, తీసుకోవద్దు.

కాయ సైజు రకంతోపాటు ఎడంతో కూడా మారుతుంది. మొక్కలు దూరం పెడితే కాయ పెద్దదవుతుంది, దగ్గరైతే చిన్నది. చందన్‌లో కూడా రెండు కిలోలు దాటొద్దనుకుంటే డ్రిప్ లైన్ మీద మొక్కల మధ్య ఎడం కాస్త తగ్గించు, వరసల మధ్య మాత్రం తగ్గించకు, తీగ పాకాలి. తీగ పొట్టిగా ఉండే రకమే కావాలంటే పూసా వికాస్ ఉంది, రెండు రెండున్నర మీటర్లకి మించి పాకదు, కాయ రెండు కిలోలు. ఎండాకాలం పంటకి వచ్చే ఏడు దాని సంగతి చూద్దాం.

మిగిలిన ఎకరం బూడిద గుమ్మడికి వదిలెయ్. అక్కడ లెక్క తలకిందులు. దిష్టికాయ కిలోల్లో పోదు, కాయల్లెక్కన పోతుంది, గుమ్మానికి కట్టడానికి చిన్నదీ గుండ్రందీ అడుగుతారు. వడియాలు పెట్టేవాళ్ళూ, ఆగ్రా పేఠా మిఠాయి చేసేవాళ్ళూ పెద్దది అడుగుతారు. ఈమధ్య పొద్దున్నే దాని రసం తాగే బ్యాచ్ ఒకటి బయల్దేరింది, మీ ఆఫీసులో కూడా ఉండే ఉంటారు. దానికి పంటకాలం ఎక్కువ కాబట్టి దసరా అందుకోవాలంటే మేలోనే విత్తాలి. ఈ ఏడు ఆ అవకాశం దాటిపోయింది. జనవరిలో వేస్తే వడియాల కాలానికి వస్తుంది.

ఈ శనివారం చేవెళ్ల వెళ్ళేలోపు బోయినపల్లికి తెల్లవారుజామున ఒకసారి పో. కొనకు, అమ్మకు. గుమ్మడి గుట్టల దగ్గర నిలబడి ఏ సైజు ముందు కదులుతోందో, కమీషన్, హమాలీ, తరుగు కింద ఎంత కోస్తున్నారో రాసుకుని నాకు పంపు. రెండు కిలోలది నాలుగు కిలోలదాని కంటే కిలోకి ఎక్కువ పలకకపోతే నేను రాసిందంతా మళ్ళీ లెక్కేద్దాం. చందన్ విత్తనం మాత్రం ఇప్పుడే చెప్పి ఉంచు, ఆగస్టులో అందరూ ఎగబడతారు.

అత్తయ్యకి నమస్కారాలు. చెల్లెమ్మని అడిగానని చెప్పు. మామిడి తాండ్ర పంపుతున్నా, బస్సు పార్సిల్ రసీదు ఫోటో రేపు పెడతాను.

నీ
ప్రసాదు