ముందు నీ ప్రశ్నేంటో తేల్చు బావా

సిరొంచ

అరే బావా,

నీ ఉత్తరం అందింది. థీసిస్‌కి ఖర్రా, నోటి కేన్సర్ తీసుకున్నావని చదివి ఎంత సంబరపడ్డానో! ఇక్కడ పాన్‌డబ్బాల దగ్గర పోక, పొగాకు, సున్నం కలిపి ఖర్రా రుద్దించుకునే కుర్రాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

కానీ "కోహార్ట్ చెయ్యనా, ట్రయల్ చెయ్యనా?" అన్నావు చూడు, అక్కడ ఆగు. కోహార్ట్ అంటే తినేవాళ్లనీ తిననివాళ్లనీ ముందుకు గమనిస్తూ పోవడం, ట్రయల్ అంటే ఒక గుంపుకి మనమే ఏదో ఇచ్చి ఇంకో గుంపుతో పోల్చడం, అంతే కదా. నీకు తెలియాల్సిందేంటో ముందు చెప్పు. ఎంతమంది తింటున్నారన్నదైతే ఇల్లిల్లూ తిరిగి సర్వే చెయ్యి. ఎందుకు మానలేకపోతున్నారన్నదైతే ఫారాలు పక్కనపెట్టి వాళ్లతో కూర్చుని మాట్లాడు. ఎలా మాన్పించాలన్నప్పుడే ట్రయల్. ఖర్రాతో కేన్సర్ ముప్పు ఎంత పెరుగుతుందో చూడటానికి ట్రయల్ కుదరదు, చీటీలు తీసి సగంమందిని తినమనలేం కదా! కోహార్ట్‌కి ఏళ్ల తరబడి వెంట ఉండాలి, నీ పీజీ మూడేళ్లే. అందుకే కేస్ కంట్రోల్ అంటాను, అంటే జబ్బు వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ తీసుకుని, ఇదివరకు ఎవరెంత తిన్నారో పోల్చడం.

అందులో కష్టమంతా కంట్రోళ్లను, అంటే ఆ జబ్బు లేనివాళ్లను, ఎంచడంలోనే ఉంది. గుండె, ఊపిరితిత్తుల వార్డుల నుంచి తీసుకోకు. వాళ్లలోనూ పొగాకు వాడినవాళ్లు ఎక్కువే ఉంటారు, తేడా చిన్నదిగా కనిపిస్తుంది. "ఇప్పుడు తింటున్నారా?" అనీ అడగొద్దు. నోరు తెరుచుకోక మానేసినవాళ్లు చాలామంది ఉంటారు. జబ్బు బయటపడకముందు ఎన్నేళ్లు, రోజుకెన్ని అని అడుగు. ఎవరు రోగో ఎవరు కాదో తెలియనివాళ్లతో అడిగిస్తే ఇంకా మంచిది.

మన గడ్చిరోలి జిల్లానే చూడు. ఆడవాళ్ల జబ్బులు ఎంత ఉన్నాయన్నది ప్రశ్న కాబట్టి ఇక్కడ పనిచేసిన డాక్టర్ రాణీ బంగ్ వాళ్లు ఆస్పత్రికి వచ్చినవాళ్లతో సరిపెట్టుకోలేదు, రెండు ఊళ్లకెళ్లి 650 మందిని పరీక్షించారు. 92 శాతం మందిలో ఏదో ఒక స్త్రీల జబ్బు బయటపడింది! 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పసికందుల మరణాలు తగ్గించగలమా అన్నప్పుడు దారి మార్చారు. 39 ఊళ్లలో ఇంటి దగ్గరే సేవలందించి, 47 ఊళ్లతో పోల్చారు. ఊళ్లను చీటీలు తీసి పంచలేదు, అది గుర్తుపెట్టుకుని చదవాలి. అయినా మూడో ఏడాదికి మరణాలు 62 శాతం తగ్గాయి. ఆ రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని చదువు బావా, పుస్తకంలో అధ్యాయాలకన్నా బాగా అర్థమవుతుంది.

గైడ్‌ని కలిసేలోపు నీ ప్రశ్న ఒక్క వాక్యంలో రాసి పంపు. తెలుగు, మరాఠీ ఫారాలు నేను రాసిపెడతా. ఇక్కడి గోండుల మాడియా భాషలో అడగడానికి ఇక్కడి ఆశా అక్క ఒప్పుకుంది. అత్తమ్మకు నా నమస్కారం చెప్పు.

నీ బావ