అది సీజర్ రథం కాదండీ

సంపాదకుడు గారికి నమస్కారం. రెండు వారాల కిందటి ఆదివారం అనుబంధంలో వేసిన రథం బొమ్మ గురించి ఇది, సవరణ వేస్తారేమోనని ఆగాను, వేస్తేగా. "సీజర్ రథయాత్ర, పురాతన పెయింటింగ్" అట! పైన పందిరి మీద సీజర్ అనే అక్షరాలు కనపడగానే ఫిక్స్ అయిపోయినట్టున్నారు. అక్కడ సీజర్ అంటే చక్రవర్తి అని, ఆకాశంలో సూర్యుడెలాగో భూమ్మీద చక్రవర్తి అలాగ అనే పొగడ్త అది. రథంలో కూర్చున్నాయన పవిత్ర రోమన్ చక్రవర్తి మాక్సిమిలియన్, 1519లోనే పోయాడు, జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ దీన్ని ఎనిమిది చెక్కదిమ్మలతో 1522లో అచ్చేశాడు. పెయింటింగ్ ఎక్కడిదండీ?

పైగా "రాజుల కాలం నాటి డెకరేషన్" అని తేల్చేశారు. ఆ బండిలో ఊరికే పెట్టింది ఏదీ లేదు. చక్రాల మీద కీర్తి, వైభవం, గౌరవం, ప్రతిష్ఠ అని రాసుంటుంది, పగ్గాలేమో కులీనత, అధికారం, తోలేది వివేకం. గుర్రాలు పన్నెండు, పక్కన నడిచే ఆడవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో సద్గుణం, మీ వాళ్ళు బొమ్మ కట్ చేసి నాలుగు గుర్రాలే మిగిల్చారు, సద్గుణాలన్నీ కత్తెరకి పోయాయి. అసలు తమాషా విజయదేవత రెక్కల్లో ఉంది, ఈకల మీద ఓడిపోయిన వాళ్ళ పేర్లు, అందులో స్విస్ వాళ్ళూ ఉన్నారు! 1499 యుద్ధంలో వాళ్ళ చేతిలో దెబ్బతిన్నది ఈ మాక్సిమిలియనే. మన ఊరి ఫ్లెక్సీల్లో ఓడిపోయిన నాయకుడికి కూడా జయహో అని వేస్తారు చూడండి, అదే సరుకు. అంత రథం నిజంగా ఎక్కడా తిరగలేదు, కాగితం మీదే ఊరేగింపు. ఇది కదా రాయాల్సింది.

అప్పట్లో ఇటలీ ఊరేగింపు బొమ్మల్లో బండిని లాగే జంతువుని బట్టే అది ఎవరిదో తెలిసిపోయేది, పాతివ్రత్యానికి ఒంటికొమ్ము గుర్రాలు, కీర్తికి ఏనుగులు, చావుకి దున్నలో ఎద్దులో. దున్నంటే ఎవరొస్తారో మనకి చెప్పాలా?

ఎవర్ని అడగాలి అంటారేమో, మ్యూజియంలో అడిగినా "ఏదో పాతదండీ" అనే ఆఫీసర్లే, లేబుల్ చూస్తే తేదీ ఉండదు, ఉంటే తప్పు. పేపరైనా సరిగ్గా ఉంటుందని డబ్బులిచ్చి కొంటున్నాం. రియల్ ఎస్టేట్ ప్రకటనకైతే రెండు పేజీలు దొరుకుతాయి కదా, ఒక్క ఆదివారం ఆ బొమ్మని పన్నెండు గుర్రాలతో సహా పూర్తిగా వెయ్యండి, కింద డ్యూరర్ పేరు పెట్టి.

ఇట్లు,
మీ పాత చందాదారుడు, విజయవాడ