పాస్కా కాలం, 2025: విచారణ భక్తసంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ ప్రభువు నామమున వందనాలు.

ఈసారి నివేదికలో ఎక్కువ చోటు పాస్కా కాలానికే, అంటే క్రీస్తు పునరుత్థాన పండుగ నుంచి పెంతెకోస్తు దాకా సాగే రోజులకే ఇస్తున్నాం. పండుగకి ముందు ఉపవాస రోజులైన తపస్కాలమంతా సిలువ మార్గం ప్రార్థనకి నిండే గుడి, పునరుత్థాన ఆదివారం దాటగానే పలచబడుతోంది. పండుగ ఆ ఒక్కరోజుతో అయిపోదు. 2025లో అది ఏప్రిల్ 20న మొదలై జూన్ 8న పవిత్రాత్మ దిగివచ్చిన పండుగైన పెంతెకోస్తుతో ముగిసింది. మొత్తం 50 రోజులు. దాళ్వా కోతలూ, నూర్పిళ్ళూ, మండే ఎండలూ ఆ రోజుల్లోనే. అందుకే వారం మధ్య ప్రార్థనలన్నీ రాత్రి ఏడున్నరకి మార్చాం.

పునరుత్థాన పండుగ ముందు రాత్రి కొత్త నిప్పు వెలిగించి చేసే జాగరణ చీకటి పడ్డాకే మొదలవ్వాలి. ఏప్రిల్లో మన దగ్గర ఆరున్నరకి ఇంకా వెలుగుంటుంది కనుక రాత్రి ఎనిమిదికి పెట్టుకున్నాం. పిల్లలకి నిద్ర ముంచుకొస్తుందని కొందరు ఇంకా తొందరగా మొదలుపెట్టమంటున్నారు గానీ, వెలుతురులో కొత్త నిప్పు వెలిగిస్తే ఆ రాత్రికి అర్థమే పోతుంది.

ఆ నిప్పుతో వెలిగించే పెద్ద కొవ్వొత్తి, అంటే పాస్కా వత్తి, ఏటా కొత్తది, మైనంతో చేసినది కావాలి. నూనె పోసే ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు. క్రీస్తు ఐదు గాయాలకి గుర్తుగా పెట్టే ఐదు సాంబ్రాణి గింజల్నీ నేరుగా గుచ్చితే మైనం పగులుతుంది. కాల్చిన మేకుతో ముందురోజే రంధ్రాలు చేసి ఉంచాలి. ఫ్యాన్ గాలి తగిలితే మంట ఒకవైపు వాలి, ఆ పక్కే కరిగి మైనం కారిపోతుంది. పీఠం దగ్గర ఫ్యాన్ ఆపించాం, వెలిగే దారాన్ని పావు అంగుళానికి కత్తిరిస్తున్నాం. రేకుల గదిలో నిలబెడితే ఎండకి వంగుతుంది. పెంతెకోస్తు దాకా దాని చోటు పీఠం దగ్గరే; తర్వాత జ్ఞానస్నాన తొట్టి పక్కకి చేరుతుంది. జ్ఞానస్నానాలప్పుడూ, భూస్థాపన పూజలప్పుడూ దాన్నే వెలిగిస్తారు.

జాగరణలో ఆశీర్వదించిన నీటినే ఈ కాలపు జ్ఞానస్నానాలకి వాడతారు, మళ్ళీ ఆశీర్వదించనక్కర్లేదు. కాబట్టి ఆ నీరు యాభై రోజులూ నిలవాలి. కాలువలు కట్టేసే రోజుల్లో చెరువు నీళ్ళు పోస్తే, వెలుతురు తగిలే డ్రమ్ములో పాచి పడుతుంది. కాచి చల్లార్చి వడకట్టిన నీటిని మూత ఉన్న స్టీలు బిందెల్లో పోయండి. మిగిలింది మొక్క మొదట్లో పోయాలి, మురుగు కాలువలో కాదు.

ఈ కాలంలో ఇళ్ళలో రోజూ మూడు పూటలా చెప్పే మరియమాత ప్రార్థనైన త్రికాల జపానికి బదులు, ఆ తల్లికే చెప్పే పరలోక రాజ్ఞి జపం నిలబడి చెప్పాలి. చాలామంది మోకరిస్తూనే ఉన్నారు. మొదటి ఎనిమిది రోజులూ మహోత్సవాలే గనుక ఆ వారంలో వచ్చే శుక్రవారం మామూలుగా మానే మాంసం మానక్కర్లేదు.

ఏప్రిల్ 21న ఫ్రాన్సిస్ జగద్గురువులు (పోపు) కన్నుమూశారు. 26న వారి భూస్థాపన రోజున పాస్కా వత్తి వెలుగులోనే ప్రార్థించాం. మే 8న పద్నాలుగవ లియో కొత్త పోపుగా ఎన్నికైనప్పుడు గంటలు మోగించాం.

పెంతెకోస్తుకి ముందు తొమ్మిది రోజుల ప్రార్థనలైన నవదినాల హాజరు మాత్రం బాధ కలిగించింది. క్రీస్తు పరలోకానికి ఎక్కిన మోక్షారోహణ పండుగ అసలు గురువారం వస్తుంది; దాన్ని ఆదివారం జరుపుకున్నా నవదినాలు ఆ గురువారం మర్నాడు శుక్రవారమే మొదలవుతాయని ముందుగా గట్టిగా చెప్పాల్సింది.

2026లో పునరుత్థాన పండుగ ఏప్రిల్ 5న, దివ్య కారుణ్య ఆదివారం 12న, పెంతెకోస్తు మే 24న వస్తున్నాయి. నవదినాలు మే 15 నుంచి 23 వరకు. వాడవాడకీ ఒక్కో రాత్రి అప్పగిస్తాం; మీ వాడకి ఏ రాత్రి వీలో మట్టల ఆదివారంలోగా ఉపదేశి గారికి చెప్పండి.