పది నిమిషాలకోసారి పేరు చెప్పమన్నారు, ఆ పేరేదండీ?

హామ్ రేడియో లైసెన్సులు చూసే పెద్దాయన గారికి,

నమస్కారాలండి.

మీ పేరు గానీ, మీ ఆఫీసు పేరు గానీ ఈ ఉత్తరంలో రాయడం లేదు. మర్యాద కోసం కాదు. మీరు నాకింకా రేడియోలో చెప్పుకునే పేరు, అదే కాల్ సైన్, పెట్టలేదు కాబట్టి నేనూ మీ పేరు రాయకపోవడమే న్యాయమనిపించింది. ఇంతకుముందు రాసిన నాలుగు ఉత్తరాల్లో మీ హోదా, విభాగం, గది నంబరు అన్నీ పొల్లు పోకుండా రాశాను. వాటిలో రెండు రిజిస్టర్డ్ పోస్టు. అందినట్టు సంతకాలున్న కార్డులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. అందడం వరకే జరిగింది.

నాది కోనసీమ. టౌన్లో టీవీలు, ఇన్వర్టర్లు రిపేరు చేసుకునే చిన్న షాపు. నేనూ మా అమ్మాయీ కలిసి 2024 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన తర్వాత, రాజమండ్రిలో గౌతమి ఎక్కి హైదరాబాద్ వచ్చి, సొంత రేడియో సెట్టులో సరదాగా మాట్లాడుకునే హామ్‌లం అవుదామని మొదటి మెట్టు, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ పరీక్ష రాశాం. పన్నెండేళ్లు నిండితే రాయొచ్చన్నారు కదా, పిల్లకి అప్పుడు పదమూడు. ఎనిమిదో తరగతి. ఇద్దరం పాసయ్యాం. నాకంటే దానికే మార్కులు ఎక్కువొచ్చాయి, ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ రోజుకోసారి వింటూనే ఉన్నాను.

ఇప్పుడది పదో తరగతి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. మా కాల్ సైన్లు మాత్రం ఇంకా రాలేదు.

పరీక్షలో ఒక ప్రశ్న బాగా గుర్తుంది. స్టేషన్ నడిపేవాడు తన కాల్ సైన్ ఎప్పుడెప్పుడు చెప్పాలి అని. మొదట్లో చెప్పాలి, చివర్లో చెప్పాలి, మాటలు సాగుతూ ఉంటే పది నిమిషాలకోసారి చెప్పాలి. ఇద్దరం కరెక్టుగానే పెట్టాం. 1978 నాటి మీ నిబంధనలు మా అమ్మాయి బళ్లో ఎక్కాల్లాగా అప్పజెప్తుంది. ప్రపంచంలో ఏ మూలనున్న హామ్ అయినా తక్కువ వ్యవధిలో తన పేరు చెప్పుకుంటూ ఉండాలని అంతర్జాతీయ నిబంధనల్లోనే ఉంది. మంచి రూలే, నేను కాదనను. గాల్లో మొహాలు కనపడవు, గొంతు ఎవరిదో చెప్పకపోతే దొంగెవరో దొరెవరో తెలీదు. కానీ అయ్యా, పేరు చెప్పకపోతే నేరమని ఇంత గట్టిగా చెప్పిన తమరు, చెప్పడానికి ఆ పేరొకటి ఇవ్వాలి కదండీ.

మా దరఖాస్తు యాత్ర వినండి. ఒక్కొక్కరికి వెయ్యి రూపాయలు, ఇరవయ్యేళ్ల లైసెన్సుకి. పోర్టల్లో కట్టాం. డబ్బులు వెంటనే తీసుకుంది, ఆ విషయంలో దానికి వంక పెట్టలేను. నెల తర్వాత నా ఫారం వెనక్కొచ్చింది. కారణం ఏమిటయ్యా అంటే, ఆధార్‌లో మా ఇంటి డోర్ నంబరు మధ్యలో అడ్డగీత ఉంది, ఫారంలో ఏటవాలు గీత ఉంది. రెండూ ఒకే ఇల్లు కాదేమోనని మీ వాళ్లకి అనుమానం. మా హామ్‌ల భాషలో ఆ ఏటవాలు గీతని స్ట్రోక్ అంటారని మీకు తెలియంది కాదు. ఇంట్లో కాకుండా వేరేచోట నుంచి మాట్లాడేవాడు కాల్ సైన్ చివర 'స్ట్రోక్ పోర్టబుల్' అంటాడు, బండిలో పోతూ మాట్లాడితే 'స్ట్రోక్ మొబైల్'. ఆ లెక్కన మా ఇల్లు ఎటో కదిలి వెళ్లిపోయిందని మీ గుమస్తా గారు అనుకున్నారో ఏమో. గీత మార్చి మళ్లీ పెట్టాను. అప్పుడు ఫొటో వెనకాల రంగు బాగాలేదని వచ్చింది. ఫొటో మార్చాను. ఈలోగా అమ్మాయి ఫారం నా ఫారం కంటే ముందుకెళ్లింది, 'తండ్రి గారి దరఖాస్తు పరిశీలనలో ఉన్నందున' అని అక్కడే ఆగింది. దీనికీ దానికీ లంకె ఏమిటో నాకు ఈరోజుకీ అర్థం కాలేదు.

ఇక పోలీసు విచారణ. ఒకాయన బండి మీద షాపుకొచ్చారు. పాపం మంచివాడు. టీ తాగి, "ఏవండీ, రేడియోకి లైసెన్సేంటండీ, మా అమ్మ రోజూ వివిధభారతి వింటాది, ఆవిడక్కూడా తీసుకోవాలా?" అన్నారు. వినడానికి కాదండీ, మాట్లాడ్డానికి అని చెప్పాను. "ఎవరితో?" అన్నారు. ఎవరు పలికితే వారితో అన్నాను. అదే నా కొంప ముంచింది. ఎవరితో మాట్లాడతాడో అతనికే తెలీదట అని రాసుకున్నట్టున్నారు. ఆర్నెల్ల తర్వాత రిపోర్టు రాలేదని మీ దగ్గర్నుంచి మెసేజ్. కనుక్కుంటే పంపేశామన్నారు. మళ్లీ విచారణ, మళ్లీ టీ. ఈసారి వచ్చినాయన కొత్త. పక్కింటివాళ్లని కూడా అడిగారు. అప్పట్నుంచి పక్కింటావిడ మా అమ్మాయిని చూసి "ఏం కేసమ్మా?" అని అడుగుతోంది. పరీక్ష పాసైన పిల్లకి ఎంత టెన్షనో, ఎంత చిన్నతనమో తమరే ఆలోచించండి.

సమాచార హక్కు కింద పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి అడిగాను. 'దరఖాస్తు ప్రాసెస్‌లో ఉంది' అని జవాబు. ఫిర్యాదుల పోర్టల్లో పెట్టాను. 'పరిష్కరించబడినది' అని మూసేశారు. ఏం పరిష్కరించారో ఫిర్యాదు చేసినవాడికి చెప్పే అలవాటు ఉందా లేదా అని ఇంకో ఫిర్యాదు చేద్దామనుకున్నాను. మా ఆవిడ వద్దంది.

కాల్ సైన్ల కొరత వచ్చిందేమో అని కూడా ఒకసారి మీ వైపు నుంచి ఆలోచించి చూశాను. లెక్కేశాను. కొత్తవాళ్లకి వీయూ3 ఇస్తారు, మోర్స్, అంటే చుక్కలూ గీతల సంకేతాల పరీక్ష, కూడా పాసై జనరల్ గ్రేడ్ తెచ్చుకున్నవాళ్లకి వీయూ2. దాని వెనక మూడు అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాలు 26 కాబట్టి 17,576 పేర్లు వస్తాయి. క్యూ కోడ్‌తో, అంటే హామ్‌లు వాడే క్యూతో మొదలయ్యే మూడక్షరాల సంకేతాలతో, కలగాపులగం కాకూడదని క్యూతో మొదలయ్యేవి పక్కన పెట్టినా 16,900 మిగులుతాయి. ఇంకా కావాలంటే మన దేశానికి వీయూ ఒక్కటే కాదు, ఏటీ నుంచి ఏడబ్ల్యూ దాకా, 8టీ నుంచి 8వై దాకా కూడా మనవే కదా. అంత పెద్ద గాదెలో మా ఇంటికి రెండు గింజలు. మూడక్షరాలు ఏవైనా పర్వాలేదు, నోరు తిరక్కపోయినా పర్వాలేదు. నాకు జడ్ అక్షరం మీద ఏ ద్వేషమూ లేదు.

మా బావమరిది కొడుకు డాలస్‌లో ఉంటాడు. వాడికి గ్రీన్ కార్డు కూడా లేదు. ఒక శనివారం పొద్దున 35 ప్రశ్నల పరీక్ష రాశాడు, 35 డాలర్లు కట్టాడు, ఆ వచ్చే వారంలోనే వాడి కాల్ సైన్ అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్లో కనపడింది. ఫొటో తీసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, "మావయ్యా, నీదేంటి?" అని అడిగాడు. పరాయి దేశం వాడికి వారంలో పేరు పెట్టింది, నా దేశం నాకు రెండేళ్లయినా పెట్టలేదు అని గ్రూపులో రాయలేక, సిగ్నల్ లేదన్నాను. అదీ ఒకరకంగా నిజమే.

కొత్తవాళ్లకి ఉన్న అనుమానాలు తీర్చే నాథుడు కూడా లేడండీ. ఇంకో హామ్ ఇంట్లో కూర్చుని మాట్లాడితే ఎవరి కాల్ సైన్ చెప్పాలి? ఆయనదా, నాదా, రెండూనా? ముగ్గుర్ని అడిగితే మూడు రకాలుగా చెప్పారు. కాకినాడలో ఒక పెద్దాయన, పాత వీయూ2, ఇంటికి పిలిచి తన సెట్టు చూపించారు. చేతికి మైకు ఇస్తారేమోనని మా అమ్మాయి కుర్చీ చివరికొచ్చి కూర్చుంది. "కాల్ సైన్ వచ్చాక రామ్మా" అన్నారాయన. ఆయన తప్పేం లేదు, నలభై ఏళ్లుగా ఒక్క రూలు తప్పని మనిషి. దారి పొడుగునా పిల్ల బస్సు కిటికీలోంచి బయటికే చూసింది.

ఇదే జిల్లాలో ఒక తీర్థంలో చూశాను. ప్రభలు మోసేవాళ్ల వెనకాల నలుగురు కుర్రాళ్లు, తలో వాకీటాకీ. ఆన్‌లైన్లో కొన్నార్ట. "ఒరేయ్ రాజూ, ఎక్కడ చచ్చావురా" అని గాల్లోకి అరుస్తున్నారు. లైసెన్సు లేదు, కాల్ సైన్ లేదు. కాబట్టి పది నిమిషాలకోసారి చెప్పాల్సిన బాధా లేదు. పరీక్ష రాసి, డబ్బు కట్టి, పోలీసులకి రెండుసార్లు టీ ఇచ్చిన నేను మాత్రం పక్కన నోరు మూసుకుని నిలబడ్డాను. లైసెన్సు రాందే సెట్టు కొనకూడదని కొనలేదు. కొననందుకు ఇప్పుడు నవ్వుకుంటున్నారు.

అసలు ఈ పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పాలి. 1996 నవంబరు 6న నాకు పదిహేనేళ్లు. ఆ రాత్రి మా ఊళ్లో నిలబడ్డ కొబ్బరిచెట్టు లేదు. మా పెద్దమ్మ వాళ్ల లంక నుంచి మూడు రోజులు ఏ కబురూ లేదు. బతికున్నారో లేదో తెలీకుండా మా నాన్న గట్టు మీద కూర్చున్న తీరు ఇప్పటికీ కళ్లముందుంది. తర్వాత చాలా ఏళ్లకి, 2004 డిసెంబరు సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారు, కాల్ సైన్ వీయూ2ఆర్‌బీఐ, అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ స్టేషన్ పెట్టుకుని ఉన్నారని, అండమాన్ నుంచి కబుర్లు ఆ స్టేషన్ మీదుగా బయటికొచ్చాయని పేపర్లో చదివాను. ఆ రోజు అనుకున్నాను, మా ఊళ్లోనూ ఒకటుండాలని. అనుకోవడానికీ పరీక్ష రాయడానికీ మధ్య ఇరవయ్యేళ్లు పట్టింది, అది నా బద్ధకం, మీ మీద వేయను.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను మా పక్కనే తీరం దాటింది. సాయంత్రమే కరెంటు పోయింది. రాత్రికి సెల్ సిగ్నల్ కూడా పోయింది. నా దగ్గరున్నది వినడానికి మాత్రమే పనికొచ్చే రిసీవర్. దాన్ని ఇన్వర్టర్ బ్యాటరీకి తగిలించి, హామ్‌లు మాట్లాడుకునే 7 మెగాహెర్ట్జ్ మీద పెట్టాను. గరగర మధ్యలో ఒక గొంతు, హిందీ కలిసిన ఇంగ్లీషులో, "కోనసీమ వైపు ఎవరైనా ఉన్నారా, ఎవరైనా ఉన్నారా" అని అడుగుతోంది. ముందు తన కాల్ సైన్ చెబుతున్నాడు, తర్వాత అడుగుతున్నాడు, రూలు ప్రకారం. మా అమ్మాయి ఆ రిసీవర్ దగ్గరకి మొహం పెట్టి, "ఉన్నామండీ" అంది.

ఆయన కాసేపు చూసి వేరే ఫ్రీక్వెన్సీకి వెళ్లిపోయారు.

అయ్యా, ఆ రాత్రి మా ఊళ్లో ప్రాణనష్టం ఏమీ జరగలేదు. జరిగి ఉంటే ఈ ఉత్తరం ఇంత మర్యాదగా ఉండేది కాదు. తుఫాన్లు మీ ఫైలు కదిలేదాకా ఆగవు. మా తీరం సంగతి మీకూ తెలుసు.

నేనడిగేది పెద్దదేం కాదు. మా ఇద్దరి కాల్ సైన్లు ఇప్పించండి. ఇవ్వలేకపోతే ఎందుకివ్వలేరో ఒక కాగితం మీద రాసివ్వండి. నాకొక్కడికే కాదు, పాసై కూర్చున్న నాలాంటివాళ్లు ఇంకెందరో ఉన్నారు, వాళ్లవీ చూడండి. పాసైనవాడికి ఎన్నాళ్లలో కాల్ సైన్ ఇస్తారో ఒక గడువు పెట్టండి, ఫీజుకి పెట్టారు కదా. పేరు ఎప్పుడు చెప్పాలి, ఎక్కడ ఏ స్ట్రోక్ పెట్టాలి అన్నది కొత్తవాళ్లకి అర్థమయ్యేలా ఒక రెండు పేజీలు తెలుగులో వేయించండి. కుదరకపోతే తమరు సరేనంటే మా అమ్మాయే రాసిపెడుతుంది, పరీక్షలయ్యాక. ఏదైనా ముందు కాల్ సైన్లు ఇప్పించండి. డోర్ నంబరులో గీత మళ్లీ మార్చమన్నా మారుస్తాను, గోడ మీద కూడా రంగు వేయించి మారుస్తాను.

కట్టిన ఇరవయ్యేళ్లలో రెండేళ్లు వినడానికే అయిపోయాయి. ఇంక మాట్లాడనివ్వండి.

హామ్‌లు ఉత్తరం చివర 73 అని రాస్తారు, శుభాకాంక్షలని. అది రాయడానికి నాకు అర్హత ఉందో లేదో తెలీదు కాబట్టి, నమస్కారం పెట్టి ఆపుతున్నాను. ఇక మీరు చెప్పండి. ఓవర్.

ఇట్లు,
వీయూ3 _ _ _
మరియు కుమార్తె, వీయూ3 _ _ _
(ఖాళీలు తమరు పూరించగలరు)